లిస్బన్ నుంచి హెల్సింకీకి, రెండు గంటలు ఎక్కువ

ఆరేళ్ళుగా ఇది నా గుండెల మీద కూర్చుని ఉంది. పాస్టరు గారికి చెప్పలేదు. మా ఆయనకీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను.

ఈ పరాయి దేశంలో, మేముండే బర్నబీలో, మా తెలుగు చర్చి సంఘంలో ప్రతి బుధవారం స్త్రీల ప్రార్థన నడిపేది నేనే. ఎవరు ప్రయాణమైనా టైములు నాకు పంపుతారు, క్షేమంగా దిగేదాకా ప్రార్థన చేస్తాను. సండే స్కూల్లో పాటలు నేర్పే సుజాత కూడా అలాగే పంపింది. ఆఫీసు పని మీద యూరప్ వెళ్ళింది. పొద్దున పదింటికి లిస్బన్‌లో విమానం ఎక్కుతున్నానంది. నాలుగూ ముప్పావుకి హెల్సింకీలో దిగానంది. ఆఫీసతను ఒకడు వెంట ఉన్నాడని కూడా తనే చెప్పింది.

నేను ప్రార్థన చేశానా? ఫోన్లో వెతికాను. దాదాపు మూడువేల నాలుగు వందల కిలోమీటర్లు. నాలుగూ ముప్పావు గంటల ప్రయాణం. మరి రెండూ ముప్పావుకే దిగాల్సిన పిల్ల నాలుగూ ముప్పావు అంటుందేం? ఆ రెండు గంటలు ఎక్కడుంది? అతనితోనేనా?

మాలో చాడీలు చెప్పరు, ప్రార్థనాంశం అంటారు. ఆ బుధవారం నేనూ కళ్ళు మూసుకుని, "ప్రభువా, సుజాతను శోధనలోంచి, పాపంలోంచి తప్పించు, హెల్సింకీలో ఆమె దాచిన రెండు గంటలూ నీకే తెలుసు" అన్నాను. సుజాతకు కాబోయే అత్తగారు తూర్పున దూరంగా ఉన్న విన్నిపెగ్ నుంచి ఫోన్లో వింటోంది. అందరూ ఆమెన్ అన్నారు. ఆవిడ అనలేదు.

తర్వాతి వారం ఎప్పటిలాగే గ్రూపులో మెసేజ్ పెడుతున్నాను: ప్రార్థన మన టైము ఐదింటికి, విన్నిపెగ్ వాళ్ళ టైము ఏడింటికి. వేళ్ళు ఆగిపోయాయి. లిస్బన్‌కీ హెల్సింకీకీ కూడా అదే తేడా, హెల్సింకీ గడియారం రెండు గంటలు ముందు. సుజాత ఎక్కడా ఆగలేదు. ఆ అత్తగారికి నిజం చెప్పడానికి ఇంకా టైముంది.

ఆ శనివారం తనే ఫోన్ చేసింది.

"ఆంటీ, అత్తయ్యగారు నా ఫోన్ ఎత్తట్లేదు. నా గురించి ఎవరైనా ఏమైనా అన్నారా?"

"నాకేం తెలీదమ్మా. ప్రేయర్ చేస్తున్నాగా."

"మీరు చేస్తే చాలాంటీ."

నెల తిరక్కుండా సంబంధం తప్పిపోయింది. సుజాత మా సంఘానికి రావడం మానేసింది. ఎందుకని నన్నెవరూ అడగలేదు. అడుగుతారేమోనని మాత్రం ఇప్పటికీ ప్రతి ఆదివారం ఒక్కొక్కరి మొహం చూస్తుంటాను.

సుజాతకు కుదిరిన ఆ అబ్బాయిని ముందు మేమే మా అమ్మాయికి అడిగాం. వాళ్ళు సుజాతే కావాలన్నారు. నాకు కడుపు మండింది.

ప్రతి వారం రెండు గంటలు కలిపి చెప్పే మనిషికి ఆ తేడా తట్టలేదంటే మీరు నమ్ముతారా? నమ్మొద్దు. వేళ్ళు ఆగిపోయాయని పైన రాశానే, అది ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్న మాట. నేను ఫోన్లో వెతికిన ఆ పేజీలోనే, దూరం కింద, టైము తేడా రెండు గంటలని రాసి ఉంది. చదివాను. చదివే ఆ బుధవారం ప్రార్థనకు కూర్చున్నాను.

ఇది రాయడానికి ఆరేళ్ళు పట్టింది. క్షమించమని అడగను. రాశాక కాస్త ఊపిరాడుతోంది, అంతే.