కుడి నుంచి అంటించిన చరిత్ర

కరోనాకు ఆగిన విమానాలు మళ్లీ ఎగరడం మొదలయ్యాక కూడా మేడమ్ నా సెలవును "వచ్చే నెల, వచ్చే నెల" అంటూ జరుపుతూనే వచ్చింది. నేను గిన్నెలు కాస్త చప్పుడు చేస్తూ కడగడం తప్ప ఏం చేయగలను? చివరికి శుక్రవారానికి టికెట్ తీశారు. పాస్‌పోర్టు మాత్రం ఇంకా ఆమె బీరువాలోనే ఉంది. మూడేళ్లప్పుడు మా అమ్మ దగ్గర వదిలి వచ్చిన నా కూతురికి అప్పటికి ఏడేళ్లు.

"అమ్మా, ఈసారైనా వత్తావా?" అంది ఫోన్‌లో.

"వత్తానే తల్లీ, ఒట్టు."

అబుదాబి దగ్గర బనియాస్‌లో నేను పనిచేసే ఆ ఇంట్లో పదేళ్ల ఆడపిల్ల ఉంది. అమెరికన్ సిలబస్ బడి. గురువారం తల్లిదండ్రులందరి ముందు నిలబడి ప్రపంచ చరిత్ర, అమెరికా చరిత్ర చెప్పాలట. వారం రోజులు కూర్చుని బొమ్మలు గీసింది: సముద్రం దాటి వచ్చిన ఓడలు, స్వాతంత్ర్య ప్రకటన, తెగిన సంకెళ్లు, రెండు యుద్ధాలు, అణుబాంబు పొగ, చంద్రుడి మీద మనిషి, కూలిన జంట భవనాలు, ఆఖరున ఒక మాస్కు. ప్రతి బొమ్మ కింద సంవత్సరం. బుధవారం సాయంత్రం ఖురాన్ పాఠానికి వెళ్తూ, వాటిని పొడుగాటి చార్టు మీద వరసగా అంటించమని నాకు అప్పజెప్పింది.

"చార్టు పాడైందంటే నీ టికెట్ సంగతి తర్వాత చూద్దాం," అంది మేడమ్ నవ్వుతూ. ఆవిడ నవ్వుతూ అన్నవే ఎక్కువగా జరుగుతాయి.

అంకెలు నాకు వచ్చు. సంకెళ్ల బొమ్మ బానిసలను విడిచిపెట్టిన ఏడాదిదని పిల్ల ముందే చెప్పింది. దానికి జిగురు కాస్త ఎక్కువే రాశాను. అంతకు ముందు ఏడాది అరబ్బీ క్లాసు చార్టును ఎడమ నుంచి అంటించి చీవాట్లు తిన్నాను. "ఎన్నేళ్లుంటే నేర్చుకుంటావు, అరబ్బీ కుడి నుంచి!" అని మేడమ్ ఇల్లు అదరగొట్టింది. అందుకే ఈసారి మహా తెలివిగా ఓడలను కుడి చివరన, మాస్కును ఎడమ చివరన పెట్టాను. గీత గీసినట్టు వచ్చాయి. నా పనితనానికి నేనే మురిసిపోయాను.

పిల్ల తిరిగి వచ్చి చూసి నిలబడిపోయింది. "ఆంటీ, ఇది ఇంగ్లీషు. ఎడమ నుంచి చదువుతారు," అంది మెల్లగా.

ఓడ బొమ్మను గోరుతో లేపబోతే తెరచాప చిరిగి చేతికొచ్చింది. అప్పుడే గేటు దగ్గర కారు ఆగింది.

మేడమ్ లోపలికి వచ్చి చార్టు చూసింది. తర్వాత నన్ను చూసింది. "ఎవరు చేశారిది?" అని అడిగిందే గానీ జవాబు కోసం ఆగలేదు. "ఖలాస్. టికెట్ క్యాన్సిల్," అంటూ ఫోన్ తీసింది.

"మమ్మా, నేనే," అంది పిల్ల. "అలవాటులో అరబ్బీలా అంటించేశాను. ఆంటీ ముట్టుకోనే లేదు."

మేడమ్ కోపమంతా పిల్ల మీదికి మళ్లింది. "అన్నీ మళ్లీ గీయి. అయ్యేదాకా అక్కణ్నుంచి లేవకు. రేపు స్నేహితురాలి పార్టీ లేదు, ఏమీ లేదు!"

నేనే చేశానన్న మాట గొంతు దాకా వచ్చింది. ఒక్క అడుగు ముందుకు వేసి ఉంటే చాలు. నా కూతురి ముఖం కళ్ల ముందు కదిలింది. జిగురు అంటిన వేళ్లను చున్నీలో దాచుకున్నాను. పిల్ల నేల మీద బోర్లా పడుకుని, ముక్కు ఎగబీలుస్తూ మళ్లీ ఓడల దగ్గర నుంచి మొదలుపెట్టింది. నేను వంటింట్లోకి వెళ్లిపోయాను. నా మీద నాకే అసహ్యం వేసింది. అయినా వెనక్కి రాలేదు.

శుక్రవారం పొద్దున మేడమ్ పాస్‌పోర్టు నా చేతిలో పెట్టి భుజం మీద చేయి వేసింది.

"మొన్న నిన్ను ఊరికే అనుమానించాను. మాఫ్ కరో," అంది.

నాలుగేళ్లలో ఆ మాట ఆమె నోట వినడం అదే మొదటిసారి. మెట్ల మీద కూర్చున్న పిల్ల నా వైపే చూస్తోంది.

"పరవాలేదు మేడమ్," అన్నాను.