తాళం వేసిన ఇళ్లు

మా సాంఘికశాస్త్రం టీచర్ పోయిన ఆదివారం చిలకలగూడలోని తన అద్దె గదిలో కన్నుమూశారు. పెళ్లి చేసుకోలేదు, దగ్గరి చుట్టాలు లేరు. గది నిండా ఆమె రాసిన నోటుపుస్తకాలున్నాయి. నెలాఖరుకు గది ఖాళీ చేయాలని, లేకపోతే పాత కాగితాలకు వేసేస్తామని ఇంటివాళ్లు చెప్పారు. అందుకే దుఃఖం తీరకముందే ఇది రాస్తున్నాను.

వేసవి సెలవుల్లో టీచర్ పాలమూరు వైపు పల్లెలకు వెళ్లేవారు. ఏ ఊళ్లో పేదరికం ఎందుకుందో ఇల్లిల్లూ తిరిగి రాసుకునేవారు. గడపలోకి వెళ్లగానే ప్రశ్నలు అడిగేవారు కాదు, తాగడానికి నీళ్లడిగేవారు. ఆ నీళ్లు ఎవరు మోస్తారు, ఎంత దూరం నుంచి, బోరు దగ్గరికి ఎవర్ని రానివ్వరు, అన్నీ ఆ గ్లాసు ఖాళీ అయ్యేలోపు తెలిసేవి.

డిగ్రీలో ఉండగా నన్నూ తీసుకెళ్లారు. మొదటిరోజే ఒక వాడంతా రాసేసి, ఈ ఊరు బాగానే ఉందని సంబరంగా చెప్పాను.

"తాళాలేసిన ఇండ్లెన్ని?" అన్నారు టీచర్.

"ఆరేడున్నయ్ టీచర్. ఎవ్వరు లేరని ఇడిసిపెట్టిన."

"మంచిగ చేసినవ్. ఒక్క పూటల ఊరోళ్లందర్ని దొరలను చేసినవ్. పో, వాళ్లేడికి పోయిన్రో పక్కింటామెను అడుగు."

అడిగాను. ముంబైకి కొందరు, సికింద్రాబాద్‌లో ఇళ్లు కట్టే పనికి కొందరు, పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్లారట. పక్క ఊరికీ అదే వాన, అదే నేల. కానీ అక్కడికి బస్సు వస్తుంది, ఆడపిల్లలు నడిచి వెళ్లేంత దూరంలో హైస్కూలుంది. అక్కడ తాళాలు తక్కువ.

పక్క ఊరిదాకా నడిచి తిరుగు బస్సెక్కాక చెప్పాను. "టీచర్, మా ఊర్ల మా ఇంటికి సుత గిట్లనే తాళముండె."

"నాకెరుక లేదా బిడ్డా? నిన్ను బడిల వెయ్యమని మీ అమ్మను ఇటుకల బట్టి కాడ అడిగింది నేనే గద."

మా ఇంట్లో బడికెళ్లిన మొదటిదాన్ని నేను. మా ఇంటిలాంటి ఇళ్లనే వదిలేసి వచ్చానని ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

తరువాత ప్రతి ఆదివారం మల్కాజ్‌గిరి హాస్టల్ నుంచి వెళ్లి, ఆమె పుస్తకాలకు సాపు ప్రతి రాసేదాన్ని. ఇంకా సగం కూడా కాలేదు. ఊళ్ల పేర్లు ఆమె పొడి అక్షరాల్లో రాసుకున్నారు, అన్నీ నాకు తెలియవు. ఇకమీదట అడగడానికి ఎవరూ లేరు.

నిన్న వెళ్తే గదికి తాళముంది. అలవాటుగా పక్కింటి తలుపు తట్టబోయాను, టీచర్ ఎక్కడికి పోయారని అడగడానికి.

ఆమెతో పల్లెలు తిరిగినవాళ్లు ఎవరైనా ఉంటే, ఇరవై ఐదో తేదీలోగా ఈ పత్రికకు ఒక ముక్క రాయండి. నా మంచం కింద సగం పుస్తకాలే పడతాయి.