నాయనకూ చిన్నాయనకూ నడుమ

అంతర్జాతీయ సంబంధాల డిగ్రీని మూడేళ్లకు బదులు రెండేళ్లలో ముగించే కోర్సు నాది. అందులో ఒక సెమిస్టర్ విదేశంలో చదవాలి. దాని ఎంపిక కోసం ఆన్‌లైన్ ఇంటర్వ్యూ జరిగిన రోజు, సెలవులకని ముదిగుబ్బ దగ్గర మా ఊరికి వచ్చి ఉన్నాను. సిగ్నల్ కోసం చేను గట్టు మీద కూర్చున్నాను.

"ఒకే నది నీళ్ల కోసం రెండు దేశాలు గొడవపడితే ముందు ఏం చేస్తావు?" అని ఇంటర్వ్యూ చేస్తున్న మేడమ్ అడుగుతుండగానే బోరు దగ్గర కేకలు వినిపించాయి. నీళ్ల వంతు కోసం నాయనా, ఆయన తమ్ముడు చిన్నాయనా కలబడ్డారు. చిన్నాయన గడ్డపార ఎత్తాడు.

ఫోన్ అక్కడే వదిలేసి పరుగెత్తి మధ్యలో నిలబడ్డాను. "చిన్నాయనా, కొడితే నన్ను కొట్టు!"

"పక్కకు పో పాపా! నా చీనీ చెట్లు ఎండిపోతాండాయి!"

నేను కదల్లేదు. చివరికి ఆయన గడ్డపార పారేసి, అక్కడే కూలబడి ఏడ్చాడు. నాయన నీళ్లు తమ్ముడి బత్తాయి చెట్ల వైపు మళ్లించాడు.

నేను తిరిగొచ్చేసరికి మేడమ్ ఇంకా లైన్లోనే ఉన్నారు. చదువుకున్న జవాబు ఒక్క ముక్కా గుర్తులేదు. జరిగిందంతా చెప్పి ఏడ్చేశాను. అయినా ఎంపికయ్యాను.

ఆ గడ్డపార తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. కానీ నేను విదేశానికి బయల్దేరిన రోజు బస్సెక్కించడానికి వచ్చింది చిన్నాయనే. నా పెట్టె పైకి అందిస్తూ మెల్లగా అన్నాడు: "ఆడ ఎవురన్నా కొట్లాడుకుంటాంటే నడుమకు పోవాకమ్మా."