ఊపిరి నేర్పడానికి వెళ్లిన రోజు

డిగ్రీ కాగానే గుంటూరు శివార్లలోని ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీ ఆఫీసులో చేరాను. అప్పటికే రెండేళ్లుగా ధ్యానం చేస్తున్నాను. పొద్దున్నే గంటసేపు కళ్లు మూసుకుని కూర్చునేదాన్ని. మాంసం మానేశాను. హాస్టల్లో ఎవరైనా గొడవపడుతుంటే జాలిగా నవ్వేదాన్ని. సాయంత్రం మాత్రం రూమ్మేట్‌తో కలిసి డాబా ఎక్కి రెండు సిగరెట్లు కాల్చేదాన్ని.

"ధ్యానం చేసేదానివి, ఇదేంటే?" అని తనొకసారి అడిగింది.

"ఇది ఒంటికి సంబంధించింది. నేను ఒంటిని కాదు కదా," అన్నాను. ఆ జవాబు నాకే ఎంతో నచ్చింది.

స్టోరేజీ పక్క షెడ్డులో ముప్పైమంది ఆడవాళ్లు మిరపకాయలకు తొడిమలు తీస్తుంటారు. ముక్కులకు గుడ్డలు కట్టుకున్నా ఆ ఘాటుకి దగ్గు ఆగదు. నా ధ్యానం సంగతి తెలిసిన మేనేజరుగారు, "వాళ్లకి కాస్త ఊపిరి పీల్చే పద్ధతేదన్నా నేర్పమ్మా," అన్నారు. నా ఆనందం ఇంతా అంతా కాదు.

మర్నాడు అన్నాలయ్యాక అందర్నీ షెడ్డు బయట నీడన కూర్చోబెట్టి ఓంకారం పలికించాను. వీలైనంతసేపు సాగదీయమన్నాను. సగంలోనే నా గొంతు తెగిపోయింది. దగ్గుతెర వచ్చి కళ్లవెంట నీళ్లు కారాయి. వాళ్ల గొంతులు మాత్రం సాగుతూనే ఉన్నాయి. ఎవరూ నవ్వలేదు. అందుకే ఇంకా సిగ్గేసింది.

కుళాయి దగ్గర మొహం కడుక్కుంటుంటే వాళ్ల ముఠా పెద్దావిడ వచ్చింది. యాభై దాటిన మనిషి.

"సిగరెట్ తాగుతావా అమ్మాయ్?"

అబద్ధం నోటిదాకా వచ్చింది. చివరికి తలూపాను.

"నేనూ చుట్ట తాగేదాన్ని. మానేసి ఆరేళ్లయింది."

"దేవుడికి మొక్కుకున్నావా అక్కా?"

"మొక్కా పాడా! మెట్లెక్కితే ఆయాసమొచ్చేది, మానేశా. మళ్లీ ఎన్నిసార్లు మొదలెట్టానో. మొదలెట్టినప్పుడల్లా మా కోడలికి చెప్పేదాన్ని. దాచిపెట్టుకుంటే మానలేం తల్లీ."

నేను దాచిపెట్టాను. నేను ధ్యానం నేర్చుకునే చోట చేరేటప్పుడు ఫారంలో 'అలవాట్లు లేవు' అని కూడా రాశాను.

రెండు రోజులాగి, షెడ్డు బయట క్లాసు మొదలెట్టే ముందు ఆ ఆడవాళ్లందరికీ చెప్పేశాను. "నేను సిగరెట్లు తాగుతాను. మానాలనుకుంటున్నాను." వెనకనుంచి ఒకమ్మాయి, "మీరు మానేశాక మా ఆయన చేత కూడా మాన్పించండి మేడం," అంది. అందరం నవ్వాం.

ఆ మొదటి నెలలో మూడుసార్లు తాగాను. మూడుసార్లూ చెప్పాను. "పర్లేదులే, రేపు చూద్దువు," అనేది పెద్దావిడ, చేతిలో పని ఆపకుండానే.

ఇప్పుడు నాలుగో నెల. ఫారంలో రాసిన మాట కూడా వెళ్లి దిద్దించుకున్నాను. ధ్యానం మానలేదు. కాకపోతే నేనేదో అందరికంటే ఎత్తులో ఉన్నానన్న ఊహ ఇప్పుడు అంతగా రావడం లేదు, వచ్చినా నిలవడం లేదు.

ఇప్పుడు డాబా మీద ఒక్కతే సిగరెట్లు కాలుస్తున్న రూమ్మేట్ పోయిన వారం బట్టలు మడతపెడుతూ అడిగింది, "మీ షెడ్డుకి నేనొకసారి రావచ్చా?"

బుధవారం సెలవు పెట్టుకోమన్నాను.