స్టీలు మూత మీద నల్లబడ్డ కళ్లద్దాలు

స్వరూప, సరిహద్దు అవతల మరాఠీ నేల మీది తుకుంలో, ఒక కాలేజీలో ఫిజిక్స్ ల్యాబు ఊడుస్తుంది. పుట్టింది లక్కడ్‌కోట్, ఉండేది బాబుపేట్, చదివింది మరాఠీలో పదో తరగతి. ఎనిమిదేళ్లుగా కాంట్రాక్టు. కాంట్రాక్టు అంటే, ల్యాబులో ఏది చెడినా మొదట గుర్తొచ్చే పేరు ఆమెదని అర్థం.

ఈ వానాకాలం చెడింది ఒక సెన్సారు. రీసెర్చి చేస్తున్న ప్రతిభ నాలుగు నెలలు కూర్చుని చేసింది. గోరంత గాజుముక్క, దాని మీద క్వాంటమ్ డాట్ల పూత. అవి కంటికి ఆనని స్ఫటికపు రేణువులు. వెలుతురు పడితే కరెంటు పుట్టిస్తాయి. కొంత వెలుతురు మెలి తిరుగుతూ పోతుంది, కుడికో ఎడమకో. ఒక మెలికి కరెంటు ఎక్కువ, రెండోదానికి తక్కువ వస్తే ఈ సెన్సారు పనిచేసినట్టు. మూడు రోజులు చూశారు. రెండింటికీ సమానంగానే వచ్చింది.

మెలి వెలుతురు తయారుచేసే పరికరం కోసం పెట్టిన అర్జీ ఏడాదిగా ఆఫీసులోనే ఉంది. అందుకని త్రీడీ సినిమా కళ్లద్దాలు వాడుతున్నారు. దీపానికీ సెన్సారుకీ మధ్య ఒకసారి ఎడమ అద్దం, ఒకసారి కుడి అద్దం.

"ఎవరో తుడిచిండ్రు దీన్ని," అన్నారు ప్రొఫెసర్ అనంతరావు. ఎవరో అంటూ స్వరూపనే చూశారు.

"బల్ల తుడిచిన సార్. సెన్సారు డబ్బీ ముట్టలే."

"ముట్టకుంటే ఎట్ల పాడైతది?"

ఇది సైన్సు కాదని ఆయనకు చెప్పేవాళ్లు ఆ గదిలో లేరు. సాయంత్రానికి తలుపు మీద మరాఠీలో కాగితం పడింది: సఫాయి సిబ్బంది లోపలికి రాకూడదు. సోమవారం నుంచి పనికే రావద్దని కాంట్రాక్టరు ఫోన్ చేశాడు.

శనివారం స్వరూప, ల్యాబులో మరిచిపోయిన టిఫిన్ డబ్బా కోసం వచ్చింది. ప్రతిభ ఒక్కతే ఉంది.

"గీ కళ్లద్దాలు ఏ దిక్కు పెట్టిండ్రు మేడమ్?"

"సినిమాల తెర దిక్కు ఉండేది దీపం దిక్కు పెట్టిన."

"ఇంకో దిక్కు చూసిండ్రా?"

"రెండు దిక్కులు ఒక్కటే గద అక్కా."

"ఒక్కటి గాదు."

కాలేజీకి రాకముందు ఆమె సినిమా హాల్లో మూడేళ్లు ఇలాంటి కళ్లద్దాలే కడిగింది. ఆటకు మూడు వందల జతలు, స్టీలు పళ్లేల్లో ఆరబెట్టేది. కంటి వైపు పైకుంటే అద్దం నల్లగా కనబడేది, బోర్లా పడితే తెల్లగా. ఎందుకో ఎవరూ చెప్పలేదు. ఆమె డబ్బా మూత తీసి, కళ్లద్దాలు దాని మీద పెట్టింది. నలుపు. తిప్పింది. తెలుపు.

ప్రతిభ తానూ ఒకసారి తిప్పి చూసింది, అప్పుడు తెలిసింది. ఈ అద్దం బయటి వైపు నుంచి వచ్చిన వెలుతురు మెలిని విప్పేస్తుంది. మెలి పెట్టాలంటే వెలుతురు కంటి వైపు నుంచి పోవాలి. మూడు రోజులు సెన్సారుకు మెలి లేని వెలుతురు చూపించారు. ప్రతిభ కళ్లద్దాలు తిప్పి దీపం ముందు పెట్టింది. కరెంటు ఎడమ అద్దానికి అరవై రెండు, కుడి అద్దానికి యాభై ఒకటి.

అనంతరావు వచ్చి తానే మూడుసార్లు చూసుకున్నారు.

"సెన్సారు మంచిగనే ఉంది," అన్నారు, జ్వరం తగ్గిన మనిషి గురించి అన్నట్టు.

"నేను తుడవలేదని గూడ అనుండ్రి సార్."

"తుడవలే."

"కాంట్రాక్టరుకు గట్లనే చెప్పుండ్రి." అప్పటికే నంబరు కలిపి ఫోన్ ఆయన చేతికిచ్చింది. ఆయన చెప్పారు.

సోమవారం స్వరూప పనికొచ్చింది. తలుపు మీది కాగితం తీయడానికి ఆఫీసు ఆర్డరు కావాలట, అర్జీ పెట్టారు. రోజూ పొద్దున ప్రతిభ లోపలి నుంచి పిలుస్తుంది, "అక్కా, కళ్లద్దాలు." స్వరూప, కళ్లద్దాలు ఏ దిక్కో తేల్చే మూత పట్టుకుని, ఆ కాగితం ఉన్న తలుపే తోసుకుని లోపలికి పోతుంది.