సమితి ఆఫీసు అడగడానికి ధర్మవరం దాకా

పంచాయతీ సమితులు వచ్చిన కొత్తలో మా వైపు ఒకటే గొడవ, సమితి ఆఫీసు ఏ ఊళ్ళో పెట్టాలని. ఆఫీసు వచ్చిన ఊరికే ఆసుపత్రి, డాక్టరు కూడా వస్తారు. పోటీలో మిగిలినవి రెండే: రైలు పట్టాల పక్కనున్న మా ఊరు, కొండల లోపలుండే చింతలకుంట. మా నాయన ఊరి ప్రెసిడెంటు. హిందూపురం బెల్లం మండీలో గుమాస్తాగా ఉన్న నన్ను పిలిపించి, "నీకు నోరుండాది, చదువుండాది. పెనుకొండకు పోయి ఆఫీసరుతో మాట్లాడు. ఆఫీసు మనూరికి తెచ్చేది నీ పని" అన్నాడు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోటి మీద నాకు బాగా నమ్మకం.

పైగా నా దగ్గర ఒక అస్త్రం ఉంది. హిందూపురం రీడింగు రూములో అమెరికాలోని ఒక కౌంటీ గురించి పుస్తకం చదివాను. కౌంటీ అంటే మన తాలూకా లాంటిదే. దాని పేరు నాకు నోరు తిరగదు గానీ సంగతులన్నీ వచ్చు: చెట్టు కనబడని మైదానం, ఒక ఏరు, గోధుమ చేలు, జనం ఓట్లేసి ఎన్నుకున్న ముగ్గురు పెద్దలు. తొలిరోజుల్లో ఆ జనం కౌంటీ ఆఫీసు ఎక్కడ కట్టాలని కొట్లాడుకొని, చివరికి ఒక సూత్రం పెట్టుకున్నారట: మారుమూల రైతు కూడా పొద్దున బండి కట్టి, పని చూసుకొని, పొద్దుగూకేలోపల ఇల్లు చేరాలి. ఆ మాట ఆఫీసరు ముందు పెడితే ఇక తిరుగులేదనుకున్నాను. మా ఊరికి రైలుంది, రోడ్డుంది, ఇంకేం కావాలి?

పొద్దున రైలుకు హిందూపురంలో ఎక్కాను. ఎదురుగా లేపాక్షి రైతు ఒకాయన కూర్చున్నాడు. ఊరుకోలేక ఆయనకు కౌంటీ సంగతంతా చెప్పాను.

"ఆడ పోలీసాయన్ను గూడా ఓటేసి పెడతారా?" అని అడిగాడు.

పెడతారన్నాను.

"అట్లయితే దొంగల ఓట్లు ఎవురికి పడతాయో చూసుకోవల్ల" అన్నాడు. పెట్టెంతా నవ్వింది. నాకు ఒళ్ళు మండింది.

పెనుకొండ స్టేషను నుంచి ఊళ్ళోకి పోయేవాళ్ళు దిగగానే జట్కా మాట్లాడుకోవాలి, తాత్సారం చేస్తే నడకే. హంపీ పాడైన తర్వాత రాజులు ఇక్కడికే వచ్చి ఏలారు. వాళ్ళ మేడ గగనమహలు చూశాను, కొండ ఎక్కడానికి తీరిక లేకపోయింది. హోటల్లో ఇడ్లీ తిని ఆఫీసుకు పోతే బంట్రోతు, "సారు ధర్మవరం క్యాంపులో ఉండాడు. మీ సమితి తగువు గూడా ఆడే వింటాడంట" అన్నాడు. రాజులే కాదు, ఆఫీసర్లూ ఒకచోట ఉండరని తిట్టుకుంటూ మళ్ళీ రైలెక్కాను.

పక్కన ఒక ముసలామె రాగిపిండి మూట ఒళ్ళో పెట్టుకొని కూర్చుంది. పేరు ఓబులమ్మ. కొండ కింద పల్లె, మా సమితిలోదే.

"యాడికి పోతాండావవ్వా?"

"ధర్మవరం ఆసుపత్రికప్పా. కోడలుండాది ఆడ. మొన్న నొప్పులొస్తే బండి కట్టినాము. రాత్రంతా నడిచినా పెనుకొండ రాలేదు. బండిలోనే బిడ్డ పుట్టె, బండిలోనే పాయె. కోడలికి తెలివి తప్పె. నా కొడుకు రైల్లో ఎక్కించుకొని పోయినాడు. ఎట్లుందో ఏమో."

మా ఊరి పేరు చెప్పి, అక్కడ డాక్టరుంటే చేరేవాళ్ళా అని అడిగాను.

"మీ ఊరికీ అంతే దూరం. వంక దాటల్ల, గుట్ట సుట్టుకోవల్ల. చింతలకుంటైతే కోడి కూసే చీకట్లో బండి కడితే పొద్దున సంగటి తినే యాళకు చేరుకుంటాము" అంది.

ధర్మవరంలో మూడింటికి దిగి, మగ్గాల చప్పుళ్ళ మధ్య వీధులు దాటి ఆఫీసరు దిగిన బంగళాకు చేరాను. చింతలకుంట ప్రెసిడెంటు అప్పటికే అక్కడున్నాడు. పాపం ఆయనకు మాట తడబడుతుంది. "మా ఊరికే ఇయ్యల్ల సామీ" అని తప్ప ఇంకేమీ అనలేకపోయాడు. నేను కౌంటీ కథ చెప్పాను. ఆఫీసరు సంతోషించి, "మంచి సూత్రం. మరి దాని ప్రకారం మీ ఊరు సరిపోతుందా?" అని అడిగాడు.

సరిపోతుందంటే అయిపోయేది. కాదని వాదించగలవాడు అక్కడ లేడు. కానీ ఆ బండిలోని పసిబిడ్డ కళ్ళ ముందు మెదిలి ఆ మాట నోట రాలేదు.

"సరిపోదండీ. చింతలకుంట సరిపోతుంది. కొండపల్లెల వాళ్ళు మా ఊరు చేరేసరికి ప్రాణాలు పోతాయి" అన్నాను.

ఆఫీసరు అక్కడే చింతలకుంట పేరు ఖాయం చేశాడు. నేను నేరుగా ఆసుపత్రికి పోయాను. ఓబులమ్మ కోడలు గోడకు ఆనుకొని కూర్చొని గంజి తాగుతోంది.

తిరుగు రైల్లో కిటికీ దగ్గర కూర్చున్నాను. మా తాలూకా నాకు బాగా తెలుసనుకున్నాను. నిజానికి రైలు కిటికీలోంచి కనబడినంతే తెలుసు. చేసినదానికి మాత్రం ఇప్పటికీ గర్వంగానే ఉంది.

మా ఊరి స్టేషన్లో దిగేసరికి నాయన నలుగురితో నిలబడి ఉన్నాడు.

"ఏమాయె?"

"చింతలకుంటకు పోయింది."

"ఎవురు చెడగొట్టింది?"

"నేనే నాయనా." పుస్తకంలోని సూత్రం, ఓబులమ్మ బండి సంగతి, ఆఫీసరుతో అన్న మాట చెప్పాను.

"నీకు ఆ అమెరికా పుస్తకమిచ్చినోన్ని తన్నల్ల" అని నాయన విసవిసా ముందుకు నడిచాడు. నలుగురూ నా వంక చూడకుండా ఆయన వెనకే పోయారు. గేటు దాటాక నాయన ఆగాడు.

"ఆ యమ్మ కోడలు బతికిందా?"

"బతికింది."

"సరే, పా. సంగటి చల్లారిపోతాంది."