ఎవరూ వేయని ఆపరేషన్ బెడ్

ఆ మధ్యాహ్నం వార్డులో ఉన్నవాళ్లు: ఇన్‌ఛార్జ్ సిస్టర్ సరోజ గారు, నా క్లాస్‌మేట్ సునీత, నేను, ఐదుగురు రోగులు, ఆ రోగుల్లో ఒకరైన పోలయ్య భార్య కామాక్షమ్మ. మంచాలు ఆరు, అందులో ఒకటి ఖాళీ. తలుపు ఒకటే. కిటికీలకు ఇనుప చువ్వలు.

ఇంత వివరంగా ఎందుకు రాస్తున్నానంటే, ఎవరైనా దెయ్యం కథ మొదలుపెడితే అక్కడ ఎవరెవరున్నారు, తలుపులెన్ని అని ప్రశ్నలు వేసి నోరు మూయించే అలవాటు నాకుండేది. అప్పుడు బీఎస్సీ నర్సింగ్ చివరి ఏడాదిలో ఉన్నాను. మార్చురీ ముందు నుంచే క్యాంటీన్‌కి నడిచేవాళ్లం. కంటికి కనిపించకుండా మనిషికి హాని చేసేది సూక్ష్మక్రిమి ఒక్కటేనని నా నమ్మకం.

మా ఇంటర్న్‌షిప్ సముద్రానికి దగ్గర్లోని ఒక ఆసుపత్రిలో. బోగోలు, అల్లూరు వైపు పల్లెల వాళ్లు అక్కడికే వస్తారు. ఆడ నర్సుని సిస్టర్ అన్నట్టే నాలాంటి మగ నర్సుల్ని బ్రదర్ అంటారు.

ఆ రోజు ఒక రోగి ఇంటికి వెళ్లిపోతే, ఖాళీ అయిన మంచాన్ని నేనే సర్దాను. నర్సింగ్‌లో మొదట నేర్పేది పక్క వేయడమే. అందులో రకాలున్నాయి. రోగి లేని మంచానికి దిండుతో సహా పైదాకా దుప్పటి కప్పేస్తాం. అది క్లోజ్డ్ బెడ్. థియేటర్ నుంచి వచ్చే మనిషికి వేసేది ఆపరేషన్ బెడ్. దానికి తల కింద దిండు ఉండదు. మత్తు దిగేటప్పుడు వాంతి అయితే పరుపు తడవకుండా అక్కడ రబ్బరు షీటు, దాని మీద చిన్న గుడ్డ వేస్తాం. స్ట్రెచర్ నుంచి మనిషిని నేరుగా దించడానికి వీలుగా పై దుప్పటిని మడతలు పెట్టి ఒక పక్కకు తోసి ఉంచుతాం.

నేను వేసింది క్లోజ్డ్ బెడ్.

తర్వాత తలుపు పక్కనున్న టేబుల్ దగ్గర సునీత, నేను నిలబడితే సిస్టర్ గారు రిజిస్టరులోకి చూస్తూ ఒక్కొక్క రోగి గురించీ అప్పగింత చెప్పారు. అది ముగిశాక వెనక్కి తిరిగాను. ఖాళీ మంచం ఆపరేషన్ బెడ్ అయి ఉంది. దిండు తలవైపు కమ్మీలకు ఆనించి నిలబెట్టి ఉంది. మూలల మడతలు పరీక్షలో వేసినంత శుభ్రంగా ఉన్నాయి.

సిస్టర్ గారు నావైపు చూశారు. "ఎవురికి నాయనా ఆపరేషను, నాకు తెలీకుండా?"

"నేను క్లోజ్డ్ బెడ్ వేసినాను మేడమ్."

"మరి అదే లేచి మడతేసుకునిందా?"

నా అనుమానం సునీత మీదికి పోయింది. నా మడతలు వంకరని ఆ వారమంతా ఏడిపిస్తూనే ఉంది. కానీ అప్పగింత జరిగినంతసేపూ నా భుజం పక్కనే ఉంది. తను నన్ను అనుమానించింది. సిస్టర్ గారు ఇద్దర్నీ అనుమానించి, థియేటర్‌కి ఫోన్ చేశారు. ఆ రోజు మా వార్డు నుంచి ఎవరికీ ఆపరేషన్ లేదు. రోగుల్ని అడిగితే, ఆ మంచం వైపు ఎవరూ వెళ్లడం చూడలేదన్నారు.

"దాన్ని అట్నే ఉండనీ. ముందు అందరికీ బీపీ, పల్స్ చూసుకొని రా," అన్నారు సిస్టర్ గారు.

పోలయ్యది జువ్వలదిన్నె. సముద్రంలో చేపల వేటకు పోయే మనిషి. ఒళ్లు నొప్పులకని కొట్లో బిళ్లలు కొని మింగే అలవాటు. కడుపునొప్పితో చేరితే డాక్టరు గ్యాస్ అన్నారు, సాయంత్రం పంపిద్దామన్నారు.

"నొప్పి తగ్గిపోయింది బ్రదరూ. చీటీ రాయించు, పోతాం," అన్నాడు పోలయ్య.

పల్స్ చాలా వేగంగా ఉంది. మామూలుగా అయితే పల్స్ రాసుకొని పక్క మంచానికి పోతాం. ఆ ఆపరేషన్ బెడ్ ఎవరికోసమన్న అనుమానం మనసులో ఉంది కాబట్టి పొట్ట మీద చెయ్యి పెట్టాను. చెక్కలా ఉంది.

డాక్టరుని పిలిచాను. ఎక్స్‌రే తీశారు. ఆ బిళ్లల వల్ల కడుపుకి రంధ్రం పడిందని, ఇలాంటప్పుడు నొప్పి కాసేపు తగ్గినట్టే ఉంటుందని, వెంటనే ఆపరేషన్ చేయకపోతే మనిషి దక్కడని చెప్పారు.

కామాక్షమ్మ సంతకం పెట్టనంది.

"పొద్దున గ్యాసన్నారు. నొప్పి తగ్గిందని ఆయనే చెప్తా ఉండాడు. కొయ్యాలని మీరు ముందే అనుకున్నారు. ఆ పక్క ముందే వేసి ఉండేది నేను చూడలేదనుకున్నారా?"

డాక్టరు ఎంత చెప్పినా వినలేదు. భర్త చెయ్యి పట్టుకొని లేపబోయింది. "లెయ్యి, పోదాం. వీళ్ల ముందర కూచుంటే నీ పొట్ట కోసేదాకా ఊరుకోరు."

ఆమె అనుమానాన్ని తప్పు పట్టడానికి లేదు. ఎవరూ ఆపరేషన్ మాట అనకముందే పక్క తయారుగా ఉంది. ఏ సాకు చెప్పినా ఆమెకు దొరికిపోతాను.

"అది నేను వేసింది కాదక్కా. ఎవరేసినారో తెలీదు," అన్నాను.

"మీ ఆసుపత్రిలో పక్క ఎవరేసినారో మీకే తెలీదా? బాగుండాది."

"తెలీదు. దాన్ని ఎందుకు వేస్తారో మాత్రం తెలుసు." ఆమెను ఆ మంచం దగ్గరికి తీసుకెళ్లాను. దిండు ఎందుకు తీస్తారో, గుడ్డ ఎందుకో, దుప్పటి ఎందుకు పక్కకు తోసి ఉంటుందో చూపించాను. "ఇది థియేటర్‌కి పోయే మనిషికి వేసేది కాదక్కా. తిరిగొచ్చే మనిషికి వేసేది."

ఆమె చిన్న గుడ్డ మీద అరచెయ్యి ఆనించి నిలబడింది.

"తిరిగొచ్చే మనిషికేనా?"

"అవునక్కా."

"ఎవరేసినారో తెలీదు."

"తెలీదు."

గుడ్డ మీంచి చెయ్యి తీసి, "యాడ పెట్టాల సంతకం," అంది.

చీకటి పడకముందే పోలయ్యను థియేటర్ నుంచి తెచ్చి ఆ మంచం మీదే దించాం. తర్వాత కోలుకొని, భార్యతో గొడవపడుతూ నడిచే ఇంటికి వెళ్లాడు.

ఇప్పుడు నేను నెల్లూరులో ఐసీయూ నర్సుని. ఉద్యోగం ఇంటర్వ్యూలో, అత్యవసర పరిస్థితిని మీరే ముందుగా గుర్తించిన సందర్భం చెప్పమన్నారు. పోలయ్య గురించి చెప్పాను. పల్స్ గురించి, పొట్ట గురించి చెప్పాను. పక్క సంగతి చెప్పలేదు. సునీత జర్మన్ నేర్చుకొని అక్కడ నర్సుగా చేరింది. ఫోన్ చేసినప్పుడల్లా, "ఇప్పుడైనా నిజం చెప్పు, నువ్వే కదా," అంటుంది. నేనూ తనని అదే అడుగుతాను. ఇద్దరం ఇప్పటికీ ఒకరినొకరు పూర్తిగా నమ్మడం లేదు.

డ్యూటీ మారేటప్పుడు వార్డు సామాను లెక్కపెట్టి అప్పగించడం నర్సుల పద్ధతి. పోలయ్యను దించిన ఆ సాయంత్రం మేం ముగ్గురం విడివిడిగా లెక్కపెట్టాం. పక్క వార్డుల్లోనూ అడిగాం, ఎక్కడా ఏదీ తగ్గలేదు. మా వార్డుకు ఇచ్చిన రబ్బరు షీట్లు ఎనిమిది. అల్మారాలో ఎనిమిది ఉన్నాయి. పోలయ్య తల కింద ఒకటి ఉంది.

మొత్తం తొమ్మిది.